నాలుగు మగ్గాల అమ్మమ్మ

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా పక్కింటావిడకి డెబ్బై నాలుగేళ్లు. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు రాలేదు. ‘ఆంటీ’ అనేశాను, అదే స్థిరపడిపోయింది. ఇప్పుడు ఫోన్ చేసినా ఆవిడే ‘ఆంటీని మాట్లాడుతున్నా’ అంటుంది.

ఆవిడకో అలవాటుంది. మా బాబు పడుకున్నాడని తెలిస్తే కంచె అవతల నుంచి చప్పుడు చేయకుండా, మూతి నాలుగు వైపులా సాగదీస్తూ పెదాలతోనే మాట్లాడుతుంది. కొత్తలో పళ్లసెట్టు సర్దుకుంటోందేమో అనుకుని చూపు తిప్పుకునేదాన్ని.

పోయిన చలికాలంలో ఒక బిస్కట్ డబ్బా తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టింది. అందులో మూడే ఉన్నాయి. ఆవిడ అమ్మగారి 1926 నాటి బర్త్ సర్టిఫికెట్. సండే స్కూలుకి మానకుండా వచ్చినందుకు బహుమతిగా ఇచ్చిన చిన్న పుస్తకం, అట్ట లోపల చాపెల్ (చిన్న చర్చి) పేరుతో. ఒక ఫొటో, దాని వెనక పెన్సిల్‌తో ‘అమ్మ, బర్న్‌లీ’. బర్న్‌లీ అంటే ఉత్తర ఇంగ్లండ్‌లో, లాంకషైర్ కౌంటీలో నేత మిల్లుల ఊరు. ఫొటోలో ఉన్నది ఆంటీ అమ్మమ్మ. మిల్లులో నేత పని చేసేదట. ఆంటీ వాళ్లమ్మకి ఎనిమిదేళ్లప్పుడే పోయింది. తాతగారు మళ్లీ పెళ్లి చేసుకుని, పని వెతుక్కుంటూ దక్షిణాన లండన్ దగ్గరి స్లౌ వచ్చేశారు. కొత్త భార్య ముందు పాత భార్య మాట ఎత్తేవాళ్లు కాదు. ఆ మౌనమే ఇంకో తొంభై ఏళ్లు నడిచింది.

నేత అనగానే నాకు చెవులు నిక్కపొడుచుకున్నాయి. మాది చీరాల. మా తాత గుంట మగ్గం మీద నేసినవాడు. మా అమ్మమ్మ కండెలు చుట్టి చుట్టి వేళ్లు వంకర పోయినావిడ. ‘మాంచెస్టరోడు మన నోట్లో మట్టి కొట్టాడు’ అన్న మాట మా ఇంట్లో ఉప్పు డబ్బా లాంటిది, రోజూ ఎవరో ఒకరు తీసేవాళ్లు. ఆ మాంచెస్టరోడి మగ్గం దగ్గర నిలబడ్డ మనిషి ఫొటో ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ‘పదండి, వెతుకుదాం’ అన్నాను. పేర్లు మాత్రం ఎక్కడా రాయొద్దని ఆంటీ మాట తీసుకుంది, అందుకే ఇందులో పేర్లు ఉండవు.

బయల్దేరకముందే ఒక బోల్తా పడ్డాం, తప్పు నాదే. ఇంగ్లండ్‌లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు 1837 జులై 1 నుంచి ప్రభుత్వ లెక్కలో ఉన్నాయి. 1926 సర్టిఫికెట్‌లో అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు ఉంది కాబట్టి సూచికలో ఆవిడ పుట్టుక దొరికిందని ఎగిరి గంతేశాను. పన్నెండున్నర పౌండ్లు కట్టి సర్టిఫికెట్ తెప్పించాను. తండ్రి బొగ్గు గని కార్మికుడు, ఊరు బర్న్‌లీ పక్కన పాడిహామ్. రెండు నెలలు ఆ కుటుంబం వెంట పడ్డాక కనబడింది, అదే మూడు నెలల్లో, అదే జిల్లాలో, అదే పేరు, అదే ఇంటిపేరుతో ఇంకో ఆడపిల్ల పుట్టిందని. ఏ పిల్ల మన పిల్లో?

మే 13, మంగళవారం – మాంచెస్టర్

సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో సెంట్రల్ లైబ్రరీ గుండ్రంగా, పెద్ద గుమ్మటంతో ఉంటుంది. 1934లో తెరిచారు. ‘మా అమ్మమ్మ పోయిన ఏడాది’ అంది ఆంటీ మెట్లెక్కుతూ. ఇక్కడికి రావడానికి కారణం 1921 జనాభా లెక్కలు. వందేళ్ల గోప్యత ముగిసి 2022 జనవరిలో బయటపెట్టారు. ఇంట్లో కూర్చుని చూడాలంటే డబ్బులు, ఈ లైబ్రరీలో ఉచితం.

1921 ఫారం నాకు బాగా నచ్చింది. వయసు ఏళ్లతో ఆపకుండా నెలలతో సహా రాయాలి. ఎవరి దగ్గర పని చేస్తున్నారో కూడా రాయాలి. మా ఇద్దరు అమ్మాయిలూ దొరికారు. ఇద్దరికీ ఇరవై రెండేళ్లు, నెలల్లోనే తేడా. ఇద్దరూ నేత పనే! పాడిహామ్ అమ్మాయి ఒక మిల్లులో. రెండో అమ్మాయి బర్న్‌లీ పక్కన హార్ల్ సైక్ అనే పల్లెలో, క్వీన్ స్ట్రీట్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీలో. ఆ లెక్క తీసింది 1921 జూన్ 19న. అదే ఏడాది చీరాల-పేరాల జనం మున్సిపాలిటీ పన్ను కట్టం అని ఇళ్లు ఖాళీ చేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక రామ్‌నగర్ వెళ్లిపోయారు. మావాళ్లు తాటాకు పందిళ్ల కింద ఉన్నప్పుడు ఈవిడ నెలలతో సహా వయసు లెక్క చెప్పుకుంటోంది.

పైన గుమ్మటం కింద చదువుకునే హాల్లో చిన్న దగ్గు కూడా గోడంతా తిరిగి మన దగ్గరికే వస్తుంది. ఆంటీ అక్కడ కూర్చుని మూతి సాగదీసి నాతో ఏదో అంది. ఎదుటి బల్ల కుర్రాడు భయపడ్డాడు. నాకు అర్థమైంది: ‘ఆకలేస్తోంది’.

మే 14, బుధవారం – ప్రెస్టన్

లాంకషైర్ ఆర్కైవ్స్, అంటే ఆ కౌంటీ పాత రికార్డులు దాచే చోటు, రైల్వే స్టేషన్‌కి నడిచేంత దూరం. బ్యాగు లాకర్లో పెట్టాలి, పెన్ను నిషేధం, పెన్సిలే. రిజిస్టర్ నేరుగా బల్ల మీద పెట్టనివ్వరు, నురుగు దిండ్ల మీద పడుకోబెట్టాలి. పేజీ లేవకుండా గుడ్డలో సీసపు గుండ్లు కుట్టిన తాడు వేస్తారు. వాళ్లు దాన్ని పాము అంటారు. పసిబిడ్డకి కూడా ఇంత మర్యాద జరగదు.

పెళ్లి సర్టిఫికెట్ కూడా డబ్బు కడితే ఇంటికే వస్తుంది. కానీ అది గుమాస్తా దించి రాసిన నకలు. చాపెల్ మూతబడ్డాక దాని అసలు రిజిస్టర్ ఇక్కడికి చేరింది. అందులో పెళ్లికూతురు సంతకం తన చేత్తో చేసినదే ఉంటుంది. ఆంటీకి అది కావాలి.

1923. పేజీ దొరికింది. ఆంటీ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. సంతకం చిన్నది, నిటారుగా, స్కూల్లో కాపీ రాయించినట్టుంది. ఇంటిపేరులో చివరి అక్షరం దగ్గర మాత్రం తోక కిందకి జారి, వెనక్కి తిరిగి, పేరు మొత్తం కింద గీతలా సాగింది. ఇంకు అయిపోవచ్చినట్టుంది, గీత చివర రెండు పాయలుగా చీలింది. ఆంటీ వేలు పెట్టబోయి ఆగింది. గాలిలోనే, కాగితానికి అంగుళం పైన, ఆ తోకని రెండుసార్లు గీసింది.

తండ్రి వృత్తి గడిలో ‘క్వారీలో రాళ్ల పని’. బొగ్గు గని కాదు! అంటే పాడిహామ్ పిల్ల కాదు, హార్ల్ సైక్ పిల్లే మన పిల్ల. రెండు నెలలుగా ఎవరి పూర్వీకులకో దిగులు పడ్డాం. అందులో ఒకాయన గనిలో చనిపోయాడని తెలిసిన రోజు ఆంటీ నిజంగానే ఏడ్చింది కూడా.

పెళ్లికూతురి వృత్తి గడిలో ‘నేత’ అని స్పష్టంగా ఉంది. వేరే ప్రాంతాల్లో ఆ గడిలో ఒక గీత గీసి వదిలేయడం మామూలట. తల్లి పేరు మాత్రం ఎక్కడా లేదు, అసలు గడే లేదు. ఇంగ్లండ్, వేల్స్ పెళ్లి రికార్డుల్లో తల్లుల పేర్లు రాయడం 2021 మే 4న మొదలైంది. తప్పు చదివానేమో అని అక్కడి ఉద్యోగినిని అడిగాను. ‘అవునమ్మా, నాలుగేళ్ల కిందటే’ అంది ఆవిడ మామూలుగా.

ప్రెస్టన్‌లో శాకాహారికి బెంగ లేదు. బటర్ పై అని దొరుకుతుంది. బంగాళదుంప, ఉల్లిపాయ, బోలెడు వెన్న. శుక్రవారం మాంసం తినని కేథలిక్కుల కోసం పుట్టిందట. మార్కెట్‌లో ఒక బండి దగ్గర కప్పులో ఏదో నల్లగా పొగలు కక్కుతోంది. చూస్తే గుగ్గిళ్లు! నల్ల బఠాణీలు నానబెట్టి, గంటలకొద్దీ ఉడకబెట్టి, మీద ఉప్పు, వెనిగర్. తాలింపు ఒక్కటే తక్కువ. నేను రెండు కప్పులు తింటే బండాయన సంతోషించి, ‘ఇవి మీ దేశంలో దొరకవుగా’ అన్నాడు. ఎందుకు చెప్పాలి పాపం, దొరకవన్నాను.

రాత్రి గదిలో ల్యాప్‌టాప్ తెరిచి, ఈసారి సరైన కుటుంబం 1911 ఫారం చూశాం. అది ఇంటి యజమాని తన చేత్తో నింపిన కాగితం. ఆ ఏడాది పెళ్లయిన ఆడవాళ్లని ఒక ప్రశ్న వేశారు: ఈ పెళ్లిలో ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడున్నది ఎందరు, పోయింది ఎందరు? క్వారీ తండ్రి లావు అక్షరాలతో రాశాడు: 9, 5, 4. ఆ కింద పన్నెండేళ్ల పిల్ల పేరు, పక్కన ‘నేత, హాఫ్ టైమ్’. అంటే సగం రోజు మిల్లు, సగం రోజు బడి. పన్నెండేళ్లకే అలా పంపడం అప్పట్లో చట్టబద్ధం. 1918 విద్యా చట్టంతో ఆ పద్ధతికి తెర దించారు.

‘మీ అమ్మమ్మ వాళ్లమ్మ పేరేమిటి?’ అని అడిగింది ఆంటీ దీపం ఆర్పబోతూ. నోరు తెరిచాను, పేరు రాలేదు. పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. ‘అందరూ కండెలవ్వ అనేవాళ్లే. అసలు పేరు రేషన్ కార్డులో ఉండేది. కార్డు ఎటుపోయిందో. అయినా ఇంగ్లండులో నీకు ఆవిడ పేరుతో పనేంటే?’ అంది.

మే 15, గురువారం – బర్న్‌లీ

టాక్సీ డ్రైవర్‌ది ఇక్కడే పుట్టి పెరిగిన పాకిస్తానీ కుటుంబం. నా వచ్చీరాని హిందీకి ఆయన లాంకషైర్ యాస ఉర్దూ తోడయింది. వాళ్ల నాన్న అరవైల్లో వచ్చి మిల్లులో నైట్ షిఫ్ట్ చేశాడట. ‘రాత్రులు మావాళ్లే. పగలు చేసే తెల్లవాళ్లు ఇంటికెళ్లాక మగ్గాలు చల్లబడకుండా చూసింది మేము’ అన్నాడు. ఆంటీకి ఈ సంగతి తెలియదు. దిగేటప్పుడు ఆవిడ టిప్పు ఇవ్వబోతే తీసుకోలేదు, ‘అమ్మమ్మని వెతుకుతున్నారుగా’ అన్నాడు.

ఇక్కడ బస్సు దిగే ప్రతి మనిషీ డ్రైవర్‌కి థాంక్స్ చెప్పి దిగుతాడు. మేం వెళ్లినప్పుడు ఎంత దూరమైనా టికెట్ మూడు పౌండ్లు దాటలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా ‘లవ్’ అని పిలుస్తారు. రెడింగ్‌లో అలా పిలిస్తే పోలీసులొస్తారు.

బస చేసిన ఇంటావిడ ‘అయిదున్నరకి టీకి రండి’ అంది. నేను పద్ధతిగా మధ్యాహ్నం కడుపునిండా తిని, ఒక కప్పు టీ కోసం వెళ్లాను. బల్ల మీద చీజ్, ఉల్లిపాయ పై, చిక్కగా ఉడికించిన బఠాణీ, ఎర్ర క్యాబేజీ పచ్చడి, రొట్టెలు, మూడు రకాల కేకులు! ఉత్తరాదిలో మధ్యాహ్న భోజనం ‘డిన్నర్’, సాయంత్రం భోజనం ‘టీ’. తాగేది ‘బ్రూ’. ఆంటీకి తెలిసి కూడా చెప్పలేదు, నా మొహం చూసి నవ్వు ఆపుకుంటోంది. వద్దంటే బాధపడతారని మన అలవాటు కదా, అన్నీ తిన్నాను.

అంతకుముందు లైబ్రరీలో మైక్రోఫిల్మ్ తిప్పాం. 1921 తర్వాత ఆవిడ ఆనవాళ్లు కాగితాల్లో ఎందుకు పలచబడ్డాయో ఆంటీకి చెప్పడం కష్టమైంది. 1931 జనాభా లెక్కల కాగితాలు 1942 డిసెంబర్‌లో మిడిల్‌సెక్స్‌లోని హేస్‌లో దాచిన చోట మంటల్లో పోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. మధ్యలో, యుద్ధం మొదలవగానే జనం పేర్లు రాసుకున్న 1939 రిజిస్టర్ ఉంది, అప్పటికి ఈవిడ లేదు. పోయింది 1934లో, క్షయతో, ముప్ఫై అయిదేళ్లకి. స్థానిక పత్రికలో రెండే లైన్లు దొరికాయి. చివర ‘పువ్వులు వద్దు’ అని ఉంది.

మే 16, శుక్రవారం – స్మశానం, తర్వాత క్లబ్

బర్న్‌లీ స్మశానం రాసెండేల్ రోడ్ మీద ఎత్తుగా ఉంటుంది, గాలి చెంపలు వాయిస్తుంది. చేతిలో సెక్షన్, సమాధి నంబర్ ఉన్నాయి, ప్లాన్ ప్రింటు ఉంది. నలభై నిమిషాలు తిరిగాక తెలిసింది, ప్లాన్‌ని తలకిందులుగా పట్టుకున్నానని. వాన మొదలైంది. ఆంటీ మోకాలు మొరాయించింది. గడ్డి కోస్తున్నాయన యంత్రం ఆపి వచ్చి, పక్క రాళ్ల మీద పేర్లు చదువుతూ అడుగులు లెక్కపెట్టి ఒక చోట ఆగాడు. ‘ఇదే లవ్.’

రాయి లేదు. ఉమ్మడి సమాధి. డబ్బు లేనివాళ్లని ఒకరి మీద ఒకరిగా, సంబంధం లేని కుటుంబాల వాళ్లని ఒకే గోతిలో పెట్టేవారు. మాకిచ్చిన జాబితా ప్రకారం ఈవిడతో ఇంకో అయిదుగురున్నారు, అందులో ఇద్దరు పసిపిల్లలు. ఆంటీ కాసేపు తడి గడ్డినే చూసింది. నాలుగు పౌండ్లు పెట్టి కొన్న డాఫొడిల్ రంగు పూలగుత్తి చంకలోనే ఉంది. ‘వద్దని వేయించారు కదా’ అని దాన్ని కింద పెట్టలేదు. తిరిగొచ్చి బస ఇంటావిడకి ఇచ్చింది.

ఆ ఇంటావిడే సాయంత్రం మమ్మల్ని బర్న్‌లీ మైనర్స్ (గని కార్మికుల) సోషల్ క్లబ్‌కి తీసుకెళ్లింది. అక్కడ అందరూ తాగేది ఫ్రాన్స్ లిక్కర్ బెనెడిక్టీన్, వేడినీళ్లతో. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈస్ట్ లాంకషైర్ రెజిమెంట్ సైనికులు ఫ్రాన్స్‌లో రుచి మరిగి ఇంటికి తెచ్చుకున్న అలవాటు. ప్రపంచంలో ఏ ఒక్క చోటా ఇంత అమ్ముడుపోదని గొప్పగా చెప్పుకుంటారు. నేనూ ఒక గుక్క తాగాను. మా నాయనమ్మ శొంఠి కషాయంలో బెల్లం ఎక్కువైనట్టుంది.

మే 17, శనివారం – హార్ల్ సైక్

క్వీన్ స్ట్రీట్ మిల్లు ఇప్పటికీ ఉంది. 1894-95లో కట్టారు, 1982లో మూశారు, ఇప్పుడు మ్యూజియం. లోపల మూడొందల పైచిలుకు మగ్గాలు. ఆవిరి ఇంజన్ పేరు మొదట ప్రూడెన్స్, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పీస్ అని మార్చారు. ఆ రోజు ఆవిరి లేదు, కొన్ని మగ్గాలే తిప్పి చూపించారు.

కొన్నే. మా ఇంట్లో తాత మగ్గం టక్, టక్ అంటే నిద్రపట్టేది. ఇక్కడ శబ్దం చెవిలోకి కాదు, పళ్లలోకి వస్తుంది. మూడొందలూ ఒకేసారి తిరిగే చోట ఈవిడ పదకొండేళ్ల పైన నిలబడింది. ఒక్కొక్కరికి మామూలుగా నాలుగు మగ్గాలు, ముందు రెండు, వెనక రెండు. 1911లో బర్న్‌లీ జనం లక్షా ఆరువేలు, మగ్గాలు సుమారు లక్ష. మనిషికో మగ్గం! అవి నేసిన గుడ్డకి పెద్ద గిరాకీ మన దేశమే. 1913లో బ్రిటన్ నుంచి దాదాపు 700 కోట్ల గజాలు ఎగుమతైతే, సుమారు 300 కోట్లు ఇండియాకే వచ్చాయి. పక్క ఊరు బ్లాక్‌బర్న్‌లో నేసే రకాన్ని ‘డూటీ’ అనేవాళ్లు. మన ధోతీయే.

మగ్గం నడిపి చూపించినావిడకి ఎనభై దగ్గరుంటాయి, తనూ ఒకప్పటి నేతగత్తె. నాడె తీసి చూపించింది, పడుగు మధ్య అటూ ఇటూ తిరుగుతూ దారం పరిచేది అదే. కండె మార్చినప్పుడల్లా దారాన్ని నాడె కంట్లోంచి నోటితో పీల్చి బయటికి లాగాలి. దాన్ని నాడె ముద్దు అనేవాళ్లు. ఒకరు పీల్చిన నాడెనే ఇంకొకరూ పీల్చాలి. పళ్లు పుచ్చేవి, జబ్బులు అంటుకునేవి. ఆంటీ నా వైపు చూసింది. క్షయ మాట ఇద్దరం ఎత్తలేదు.

నేను ఇండియా అనగానే ఆవిడ గాంధీ సంగతి తెచ్చింది. 1931 సెప్టెంబర్‌లో ఆయన లాంకషైర్‌లోనే డార్వెన్ అనే మిల్లుల ఊరు వచ్చినప్పుడు, విదేశీ గుడ్డ బహిష్కరణతో దెబ్బతిన్న మిల్లుల ఆడవాళ్లే చుట్టూ చేరి చేతులెత్తి జేజేలు కొట్టిన ఫొటో ఉంది కదా, అది. మా తాత చూసుంటే నమ్మేవాడు కాదు. మాది చీరాల అని, మా ఇంట్లో మగ్గం ఉండేదని చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని తెగిన పడుగు దారం దగ్గరికి లాగింది. ‘ముడి వెయ్యి.’ వేశాను. చిన్నప్పుడు అమ్మమ్మ నేర్పిన ముడి. ఆవిడ దాన్ని గోరుతో గీకి చూసి, పర్లేదన్నట్టు తలూపింది.

తర్వాత మగ్గం మళ్లీ ఆన్ చేసి, ఆ హోరులో ఆంటీ వైపు తిరిగి, మూతి నాలుగు వైపులా సాగదీస్తూ ఏదో అంది. శబ్దం లేదు, పెదాలే. ఆంటీ వెంటనే అలాగే మూతి తిప్పుతూ జవాబిచ్చింది. రెండు నిమిషాలు ఇద్దరూ అలా మాట్లాడుకున్నారు.

మగ్గం ఆగాక ఆవిడే అడిగింది, ‘నువ్వు ఏ మిల్లులో చేశావు?’

‘నేనసలు మిల్లు చూడటమే ఇదే మొదటిసారి.’

‘మరి మీ-మా ఎక్కడ నేర్చుకున్నావు?’

మీ-మా అంటే మిల్లు ఆడవాళ్ల పెదాల భాష, హోరులో గొంతు పనికిరాదు కాబట్టి. ఆంటీ అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయింది. వాళ్లమ్మ స్లౌలో టైపిస్టు. రేడియో మోగుతుంటే గదికి ఈ చివర నుంచి ఆ చివరకి ఇలాగే మాట్లాడేదట. స్నేహితురాళ్లు వెక్కిరిస్తారని ఆంటీ చిన్నప్పుడు సిగ్గుపడేదట. ‘అమ్మకి ఎనిమిదేళ్లు అప్పటికి’ అని రెండుసార్లు అంది. మూడోసారి పెదాలతోనే అంది.

నిన్న మా వెనకింటాయన గడ్డి కోస్తున్నాడు, చెవులు పగిలే మోత. కంచె అవతల ఆంటీ కప్పు ఎత్తి చూపించి, మూతి సాగదీసింది: ‘బ్రూ?’ నేనూ అలాగే మూతి సాగదీసి, ‘వస్తున్నా, అల్లం దంచి తెస్తా’ అన్నాను, తెలుగులో. తలూపి కెటిల్ పెట్టడానికి లోపలికెళ్లింది.